ఆఖరి కొక్కెం కింద పేరు

సాయిసుధకి మొదటిసారి తేడాగా అనిపించింది ఎప్పుడంటే... కోటు జేబులో చెయ్యి పెట్టినప్పుడు.

జేబు వెచ్చగా ఉంది.

జనవరి రాత్రి. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద చలి మామూలుగా లేదు. షూటింగు సెట్టులో గోడ పొడుగునా తగిలించిన పిల్లల కోట్లన్నీ చల్లగా జిల్లుమంటున్నాయి. సుధ ఒక్కొక్క జేబూ తడుముతూ వస్తోంది. కిరాయికి తెచ్చిన బట్టలు కదా, వెనక్కి ఇచ్చేటప్పుడు గొడవ లేకుండా ప్రతి జేబులో కిరాయి కొట్టువాళ్ళ చీటీ ఉందో లేదో చూడమన్నారు. ఆఖరి కొక్కేనికి చిన్న ఎర్ర కోటు. దాని జేబులో చెయ్యి పెట్టింది.

ఇప్పుడే ఎవరో విప్పి తగిలించినట్టుంది.

పైన లైటు ఉందేమో, దాని వేడేమో అనుకుని తలెత్తి చూసింది. లైటు లేదు. సాయంత్రం ప్యాకప్ అయిన దగ్గర్నించి అన్నీ ఆరిపోయే ఉన్నాయి. సుధ చేతిలో ఫోన్ టార్చి తప్ప ఆ ఫ్లోరు మొత్తంలో వెలుగు లేదు.

చెయ్యి తీసేసింది. మెల్లిగా తియ్యలేదు... లాక్కుంది.

అసలా ఫ్లోరుకే మంచి పేరు లేదు. గుట్ట వెనకవైపు, పెద్ద బండరాయికి ఆనుకుని కట్టిన రేకుల షెడ్డు అది. మిగతా ఫ్లోర్లలో రాత్రి ప్యాకప్ అయ్యాక లైట్‌మెన్ అక్కడే గుడ్డలు పరుచుకుని పడుకుంటారు. ఇక్కడ మాత్రం ఎంత అలిసిపోయినా బయట వ్యానులోనే ముడుచుకుంటారు. అడిగితే దోమలంటారు. దోమలు వ్యానులో లేవా?

విచిత్రం ఏంటంటే, ఆ చెడ్డపేరు పాతది కాదు. అక్కడ కోర్టు సెట్టు వేశారు, ఏమీ కాలేదు. ఆసుపత్రి వేశారు. ఆ ఆసుపత్రి మంచం మీద ఎంతమంది సినిమా తల్లులు కొడుకు చెయ్యి పట్టుకుని ప్రాణాలు వదిలారో లెక్కే లేదు. ఒక్క దెయ్యమూ రాలేదు.

బడి వేశాక వచ్చింది.

ఆ బడి మనది కాదు. జపాన్‌లో ఉత్తరాన, మంచు పడే ఊరి పక్కన, ఒకప్పుడు అమెరికా వైమానిక దళం స్థావరం ఉండేది. అక్కడ పనిచేసే సైనికుల పిల్లల కోసం కట్టిన చిన్న బడి. దాని చరిత్ర మీద ఓ అమెరికా కంపెనీ డాక్యుమెంటరీ తీస్తోంది. పాత రోజుల సీన్లు మళ్ళీ నటించి తియ్యాలి. అక్కడ తీస్తే బోలెడు ఖర్చు. అందుకని పని హైదరాబాద్‌కి వచ్చింది. గచ్చిబౌలి వైపు ఉండే తెల్లపిల్లల్ని పట్టుకొచ్చి, థర్మకోల్ పొట్టు చల్లి మంచు అంటున్నారు.

సుధది ఎం.ఏ. హిస్టరీ. ఊరు తణుకు. ఉండేది మోతీనగర్‌లో లేడీస్ హాస్టల్. ఆ డాక్యుమెంటరీకి రీసెర్చ్ చేసే ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్. అయినా వాళ్ళమ్మ శారదాదేవి అప్పుడే వీధంతా చెప్పేసింది. "తెర మీద పేరు పడే రోజు ముందే చెప్పమ్మా. అందరినీ మనింట్లోనే కూర్చోబెట్టి చూపిస్తా" అని. పరిశోధన: సాయిసుధ. ఆ రెండు మాటల కోసం పిల్ల తిండి మానేసి పనిచేసింది.

ఆ బడిలో చదివినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. తలో దేశంలో ఉన్నారు. వాళ్ళకో గ్రూపు ఉంది ఇంటర్నెట్‌లో. సుధ రాత్రుళ్ళు మేలుకుని వాళ్ళతో వీడియోలో మాట్లాడేది. యుద్ధం అయిపోయిన కొత్తలో రేకుల డేరాల్లో, బొగ్గుల పొయ్యి చుట్టూ కూర్చుని చదివేవాళ్ళట. తర్వాత సిమెంటు బడి వచ్చింది. టీచర్లంతా పెళ్ళికాని అమ్మాయిలు, ప్రపంచం చూద్దామని ఓడెక్కి వచ్చినవాళ్ళు. పొద్దున్నే జెండాకి ప్రమాణం. వారానికోసారి ఓ జపాన్ మేడమ్ వచ్చి కాగితం మడతపెట్టి కొంగలు చెయ్యడం నేర్పేది. వియత్నాం యుద్ధం రోజుల్లో విమానాలు నెత్తిమీదే లేచేవి. ఆ మోతకి పాఠం వినపడదు. టీచర్ సుద్దముక్క బోర్డు మీద అలాగే ఆనించి ఆగిపోయేది. విమానం దాటాక, ఆగిన మాట దగ్గర్నించే మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ మోత ఎవరి నాన్నని తీసుకెళ్తోందో పిల్లలకి తెలిసేది కాదు.

ఆ బడికి ఇంకో సంగతి ఉంది. ఏ పిల్లా అక్కడ ఎక్కువ కాలం ఉండదు. తండ్రికి బదిలీ కాగితం వస్తుంది, పిల్ల వెళ్ళిపోతుంది. వరండాలో కోట్లు తగిలించే కొక్కేలు ఉండేవి. ప్రతి కొక్కెం కింద పేరు అంటించేవాళ్ళు. పిల్ల వెళ్ళిపోతే ఆ పేరు పీకరు. దాని మీదే కొత్తగా వచ్చిన పిల్ల పేరు అంటిస్తారు. పేరు మీద పేరు, పేరు మీద పేరు... చివరికి అవి అట్టల్లా మందంగా అయిపోయాయట. ఆఖరికి స్థావరం ఎత్తేశారు. బడి కూలగొట్టారు. ఇప్పుడక్కడ ఖాళీ నేల, దాని మీద మంచు. అంతే.

"మీ ఊరేది అని అడిగితే మాకు చెప్పడానికి ఊరు లేదు" అన్నాడు ఒకాయన వీడియోలో. "నీ సెట్టే మా ఊరు."

ఆ మాటకి సుధ ఏడ్చేసింది కూడా.

ఇక ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పాలి.

ఆర్ట్ డైరెక్టర్ కమలాకర్‌కి ఒక పద్ధతి ఉంది. సెట్టులో ఏదో ఒక వస్తువు మీద వేలు పెడతాడు. "గిది ఎవరిది?" అంటాడు. టక్కున చెప్పాలి. నసిగితే ఆ వస్తువు తీయించేస్తాడు.

"మనిషి లేని సామాను బజార్ల మస్తు దొరుకుతది. నాకు మనిషి వాడిన సామాను గావాలె" అంటాడు.

కొక్కేల కింద అంటించడానికి సుధ దగ్గర నిజం పేర్లు బోలెడున్నాయి. అన్నీ అంటించేసింది, పొరలు పొరలుగా. ఆఖరి కొక్కెం దగ్గరికొచ్చేసరికి పేర్లు అయిపోయాయి. మర్నాడే షూటింగు. కమలాకర్ వచ్చి నిలబడ్డాడు. ఎర్ర కోటు మీద వేలు.

"గిది ఎవరిది?"

మన సెట్లలో ఇది మామూలే కదా. కిరాణా కొట్టు బోర్డు మీద పెయింటర్ మామ పేరుంటుంది. డాక్టరు బోర్డు మీద ఎవరిదో బావమరిది పేరుంటుంది. ఖాళీ కనపడకపోతే చాలు. ఆ అలవాటులోనే సుధ నోటికొచ్చింది చెప్పేసింది.

"పెగ్గీది సార్."

"ఎవరీ పెగ్గీ?"

"చిన్నపిల్ల సార్. ఏడేళ్ళు. చేతి అంచు కొరుకుతూ ఉంటుంది. అందరూ ఇంటికెళ్ళిపోయినా ఇది వెళ్ళదు. ఎవరో వస్తారని చూస్తూ ఉంటుంది."

"గిదీ సామానంటే" అన్నాడు కమలాకర్. కోటు చేతి అంచు బ్లేడుతో గీకించి, కొరికినట్టు చేయించాడు. సుధ చీటీ మీద పేరు రాసి అంటించింది. పొరలు లేవు. ఒక్కటే పేరు.

నిజానికి ఆ పూట సుధకి ఇంకోటి కూడా తోచింది. పెగ్గీకి లెక్కపెట్టడం సరిగ్గా రాదని... ఎనిమిది ఎప్పుడూ వదిలేస్తుందని. ఎందుకు తోచిందో తెలీదు. కమలాకర్‌కి అది చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

జేబు వెచ్చగా తగిలిన రాత్రి సుధ ఫ్లోరులోంచి పరిగెత్తుకుంటూ బయటికొచ్చి పడింది. గేటు దగ్గర వాచ్‌మన్ పోచయ్య చితుకుల మంట వేసుకుని కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, గట్ల ఉరికొస్తున్నవ్?"

"ఏం లేదు బాబాయ్. ఊరికే."

"ఊకెనే ఉరికితె ఇంకో చెప్పు ఏడ వాయె?"

సుధ కాళ్ళవైపు చూసుకుంది. ఒక్కటే చెప్పు ఉంది.

పోచయ్య నవ్వలేదు. జరిగి పక్కన చోటిచ్చాడు. గొంతు తగ్గించాడు.

"సూసినవా... ఇన్నవా?"

"చూళ్ళేదు. మీరు?"

"ఇన్న. చిన్న పోరి. గోడకు మొకం వెట్టి లెక్కవెడ్తది, దాగుడుమూతలప్పుడు వెట్టినట్టు. అంత ఇంగ్లీషే. నాకదే ఫికరు బిడ్డా... మన దయ్యమైతె ఏందే, ఎందుకొచ్చినవే అని అడుగుత. గీ పోరికి ఏమని చెప్పాలె?"

సుధకి నవ్వొచ్చింది, భయంలోనే. పోచయ్య చేతులు మంటకి చాపి, మెల్లిగా అన్నాడు.

"పాపం, లెక్క గూడ సక్కగ రాదు. సెవెన్ అంటది... నైన్ అంటది. నడిమిట్లది ఇడిసిపెడ్తది. ఎవలు దిద్దలేదేమో."

సుధ నవ్వు అక్కడే ఆగిపోయింది.

రెండో చెప్పు కోసం వెనక్కి వెళ్ళలేదు. ఒంటి చెప్పుతోనే ఆటో ఎక్కింది.

ఆ వారంలోనే ఆఫీసువాళ్ళు సెట్టు ఫోటోలు ఆ ముసలివాళ్ళ గ్రూపులో పెట్టారు. అన్నీ సరిగ్గా ఉన్నాయా చూసి చెప్పండని. ఒకటే ఏడుపులు. మా వరండా, మా కిటికీ, నా కొక్కెం... అని. ఆఖరి కొక్కెం ఫోటో కింద ఎవరో రాశారు.

"అయ్యో, పెగ్గీ! దీన్ని ఎలా మర్చిపోయాను?"

దాని కింద ఇంకొకరు. "చేతి అంచు కొరికేది, గుర్తుందా?" దాని కింద మరొకరు. "మంచులో ఒంటరిగా నిలబడేది." అలా పెరుగుతూ పోయింది.

సుధ ఆ మాటలు మళ్ళీ మళ్ళీ చదివింది. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. పాపం పెద్దవాళ్ళు. ఫోటో చూశారు, పేరు చూశారు, గుర్తున్నట్టు అనిపించింది. మనుషుల జ్ఞాపకం అంతే. చదువుకున్న విషయమే కదా ఇది.

కరోల్ అనే ఆవిడ మాత్రం పెగ్గీ గురించి ఒక్క ముక్క రాయలేదు.

"టికెట్ కొన్నాను. వస్తున్నాను" అని రాసింది. అంతే.

క్రియేటివ్ ప్రొడ్యూసర్ పృథ్వీరాజ్ ఎగిరి గంతేశాడు. జూబ్లీహిల్స్ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కరోల్‌ని ఆ కొక్కెం ముందే కూర్చోబెట్టి పెగ్గీ గురించి అడుగుదాం, ఆఖరి ఎపిసోడ్ మొత్తం పెగ్గీదే, అది తీశాక సెట్టు విప్పేద్దాం, వెనకాలే వేరేవాళ్ళ పెళ్ళి మండపం సెట్టు క్యూలో ఉంది అని. మీటింగ్ అయ్యాక సుధ ఆగింది.

"సార్... పెగ్గీ లేదు సార్."

"అబ్బ! ఎపిసోడ్ టైటిల్! పెగ్గీ లేదు. భలే చెప్పావ్."

"టైటిల్ కాదు సార్. నిజంగా లేదు. ఆ పేరు నేనే కల్పించా."

పృథ్వీరాజ్ తలుపు మూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ బడిలో వాళ్ళు చదివారా, నువ్వు చదివావా?"

"వాళ్ళే సార్."

"వాళ్ళు ఉందంటున్నారు. నువ్వు లేదంటున్నావు. అప్పటికి మీ నాన్నకి నిక్కర్లు కూడా కుట్టించి ఉండరు. ఎవరి మాట నమ్మాలమ్మా?"

"కానీ సార్... కింద రీసెర్చ్ అని నా పేరు..."

"పడాలంటే ముందు నువ్వు కంపెనీలో ఉండాలిగా? కన్ఫర్మేషన్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది." మళ్ళీ నవ్వాడు. "చూడు సుధా, ఆ ముసలావిడ అంత దూరం నుంచి వస్తోంది. ఆవిడ ముందు ఇలాంటివి వాగి గుండెపోటు తెప్పించకు."

ఆ ఆఖరి మాటే సుధకి బాగా గుచ్చుకుంది. ఉద్యోగం సంగతి అటుంచు. నిజం చెబితే ఒక ముసలావిడ స్నేహితురాల్ని లాగేసినట్టు. చెప్పకపోతే లేని పిల్ల చరిత్రలో ఉండిపోతుంది, కింద తన పేరుతో.

ఇంటర్వ్యూ రేపు పొద్దున అనగా రాత్రి, సుధకి ఫోన్ మోగింది. పక్క మంచం మీద రూమ్మేట్ మనోజ, కాల్‌సెంటర్ డ్యూటీ చేసొచ్చి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. అవతల పోచయ్య, గుసగుసగా.

"బిడ్డా... ఆ దొరసాని వచ్చింది. నిద్రపడ్తలేదంట, జరసేపు కూసుంటనని సైగ జేసింది. తాళం దీసిన. ఇప్పుడు లోపట ఎవరితోనో మాట్లాడుతున్నది."

"ఫోన్లో అయ్యుంటుంది బాబాయ్."

"ఫోను గీడ నా టేబుల్ మీద చార్జింగు వెట్టింది."

సుధ మంచం మీద లేచి కూర్చుంది.

"నేనైతె లోపటికి వోను. నువ్వు రా."

సుధ వెళ్ళింది. భయం లేక కాదు. చెప్పాల్సింది చెప్పడానికి మళ్ళీ సమయం దొరకదని. ఆటోలో యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, చెక్‌పోస్ట్... దారంతా ఇంగ్లీషులో అదే మాట లోపల్లోపల అనుకుంటూ పోయింది. క్షమించండి, పెగ్గీ నా కల్పన. క్షమించండి, పెగ్గీ నా కల్పన.

ఫ్లోరులో పని లైటు ఒక్కటే వెలుగుతోంది. కిటికీ అవతల పరదా మీద గీసిన మంచు. కొక్కేల కింద పొట్టి బెంచీ మీద కరోల్ కూర్చుని ఉంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. బూట్లు విప్పి, చిన్నపిల్లలా జత చేసి కింద పెట్టుకుంది. ఆ బెంచీ ఆఖరి వైపు కొంచెం చోటు వదిలి కూర్చుంది.

సుధ ఆ చోటులో కూర్చోలేదు. ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మీకొకటి చెప్పాలి" అంది. "పెగ్గీ... ఆ పిల్ల లేదు. నేనే ఊహించి రాశాను. మీ అందరినీ మోసం చేశాను. క్షమించండి."

కరోల్ నెమ్మదిగా అంది.

"తెలుసు."

"...తెలుసా?"

"పెగ్గీ లేదని నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? దాన్ని కల్పించింది నేనే కదా."

సుధకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంచెం వెనక్కి జరిగింది.

"మేం ఇక్కడికి... అంటే అక్కడికి వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు" అంది కరోల్. "ఎవరితో స్నేహం చేసినా వెళ్ళిపోయేవాళ్ళు. మూడోది కూడా వెళ్ళిపోయాక, ఇక బదిలీ లేని పిల్ల కావాలనుకున్నాను. విమానం మోతకి టీచర్ ఆగిపోయేది చూడు... ఆ ఖాళీలో నేను పెగ్గీతో మాట్లాడేదాన్ని. నా గొంతు ఎవరికీ వినపడదు కదా. రోజూ అలాగే. పేరు మా అమ్మకి కూడా చెప్పలేదు. ఈ అరవై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మొన్న ఫోటోలో చూశాను. నీ చేతిరాతలో. అందుకే వచ్చాను, అడగడానికి. నీకెలా తెలిసింది?"

"నాకు తెలీదు. నోటికొచ్చిన పేరు అది. అప్పట్లో పెగ్గీలు వీధికొకరు ఉంటారు, యాదృచ్ఛికంగా..."

"సరే. యాదృచ్ఛికమే అనుకుందాం." కరోల్ తల ఊపింది. "నాకు ఎనిమిదో ఏడు వచ్చేలోపే బదిలీ వచ్చింది. నేను లేకుండా అది పెద్దదవడం నాకు ఇష్టం లేదు. అందుకే దానికి ఎనిమిది నేర్పలేదు. ఎప్పుడు లెక్కపెట్టినా..."

"వద్దు" అంది సుధ. "చెప్పొద్దు."

బయట పోచయ్య దగ్గాడు. అంత చిన్న చప్పుడుకే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"వెళ్ళే రోజు" అంది కరోల్, ఇంకా మెల్లిగా, "ఇక్కడే ఉండు, వస్తానని చెప్పాను దానికి. ఆ బడిలో ప్రతి పిల్లా ఇంకో పిల్లకి అదే చెప్పేది. ఎవరూ తిరిగి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. బడే పోయింది. అది మాత్రం ఎక్కడ నిలబడి ఉందో నాకు తెలీదు... నువ్వు పేరు అంటించేదాకా."

"ఇప్పుడు... ఇక్కడ ఉందా?"

కరోల్ పక్కన వదిలిన చోటువైపు చూడలేదు. ఆవిడ చూపు సుధ వెనకాల ఉంది. సుధ భుజం వెనక.

"ఇందాకటి నుంచి పిలుస్తున్నాను. రావట్లేదు. నన్ను గుర్తుపట్టట్లేదు సుధా. అదింకా ఏడేళ్ళ దగ్గరే ఉంది. నేను ముసలిదాన్నయిపోయాను. నన్ను చూసి భయపడుతోంది." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నువ్వు రాగానే నీ వెనక్కి వెళ్ళి నిలబడింది."

సుధ వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయింది. నేల మీద ఆనించిన ఎడమ చేతి చిటికెన వేలు చుట్టూ ఏదో... చిన్నగా, వదులుగా, పట్టుకుంది.

అరవాలనుకుంది. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

"రేపు కెమెరా ముందు నన్ను అడుగుతారు" అంది కరోల్. "పెగ్గీ నిజంగా ఉండేదా అని. నేను ఉందంటే, ఉన్నట్టే. అంతమంది చూస్తారు, నమ్ముతారు. అది ఉండిపోతుంది. కానీ నా దగ్గరికి రాదు కదా. ఈ సెట్టు రేపు విప్పేస్తారు. ఉంటే నీ దగ్గరే ఉండాలి. నేను లేదంటే... ఆ మాట దాని ఎదురుగానే అనాలి. అన్నాక ఏమవుతుందో నాకు తెలీదు. ఒకసారి వదిలేసి వెళ్ళినదాన్ని. రెండోసారి నా అంతట నేను తేల్చలేను. నువ్వు చెప్పు. నువ్వేం చెప్పమంటే అదే చెప్తాను."

పొద్దున చెప్తానంది సుధ. లేచి నిలబడ్డాక వేలు ఖాళీగానే ఉంది. హమ్మయ్య అనుకుంది. గేటు దగ్గర పోచయ్య ఏదో అడగబోయి, సుధ పక్కకి చూసి, నోరు మూసుకున్నాడు. ఆటో ఎక్కుతుంటే మాత్రం ఒక మాట అన్నాడు.

"జర పైలంగ తీస్కపో."

దేన్ని అని సుధ అడగలేదు.

హాస్టల్‌కి వచ్చి, లైటు వెయ్యకుండా మంచం మీద కూర్చుంది. తనకి తను నచ్చజెప్పుకుంది. వేలుకి తగిలింది వైరు అయ్యుంటుంది, సెట్టు నిండా వైర్లే కదా. పెగ్గీ అనేది మామూలు పేరు. ఎనిమిది వదిలెయ్యడం ఏ చిన్నపిల్లయినా చేసేదే. పోచయ్యకి కల్లు అలవాటు ఉంది. కరోల్ పెద్దావిడ, దూరప్రయాణం, నిద్ర లేదు. అన్నిటికీ సమాధానం దొరికింది. కాస్త ఊపిరి ఆడింది. సరే, ఉన్న నిజమే చెప్పమందాం, లేదనే చెప్పమందాం, ఉద్యోగం పోతే పోయింది అని తేల్చుకుని దుప్పటి లాక్కుంది.

అప్పుడు పక్క మంచం మీద మనోజ ఇటు దొర్లింది. కళ్ళు సగం తెరిచి చూసింది. నిద్రమత్తులో విసుక్కుంది.

"సుధా... ఆ పాపని గోడవైపు పడుకోబెట్టవే. అంచు మీదుంది, కింద పడుద్ది."

మళ్ళీ నిద్రపోయింది.

సుధ ఇప్పటిదాకా పక్కకి తిరిగి చూడలేదు. గోడవైపు మాత్రం కొంచెం చోటు వదిలి పడుకుంది. తెల్లారబోతోంది. కాసేపట్లో కారు వస్తుంది. కరోల్ ఆ బెంచీ మీద కూర్చుని సుధ మొహంలోకే చూస్తుంది.

ఉందని చెప్పించాలా? లేదని చెప్పించాలా?

ఇది చదువుతున్న మీరైతే ఏం చెప్తారు? సుధ ఇప్పుడు ఏం చెయ్యాలి?